ట్రావెల్ బగ్ దొరికింది, సైట్‌లో మాత్రం వేరొకరి చేతిలో ఉన్నట్టు చూపిస్తోంది: ఏం చేయాలి?

ప్రశ్న: పెన్నాతీరం, నెల్లూరు

అందరికీ నమస్కారం. జీపీఎస్ సాయంతో, ఇతరులు దాచిన డబ్బాలను వెతికే ఆట అయిన జియోక్యాచింగ్‌లోకి నేను కొత్తగా వచ్చాను. డబ్బా వెతికి పట్టుకోవడం, లోపలి లాగ్‌బుక్‌లో పేరు, తేదీ రాయడం, ఇంటికి వచ్చి యాప్‌లో లాగ్ చేయడం వరకు అలవాటైంది. ట్రాకబుల్, అంటే సొంత కోడ్‌తో డబ్బా నుంచి డబ్బాకు ప్రయాణం చేసే వస్తువు, చేతికి రావడం మాత్రం ఇదే మొదటిసారి. అది మరొకరి సొత్తు కాబట్టి, తొందరపడి ఏమీ చేయకుండా, అనుభవం ఉన్నవారిని అడిగి సరైన పద్ధతిలో ముందుకు వెళ్ళాలని ఈ ప్రశ్న రాస్తున్నాను.

పోయిన ఆదివారం నెల్లూరు నుంచి మైపాడు వెళ్ళే దారిలో ఒక డబ్బా తెరిచినప్పుడు అందులో ట్రావెల్ బగ్ అనే రకం ట్రాకబుల్ ఒకటి కనిపించింది. లోహపు బిళ్ళకు సన్నని గొలుసుతో ఒక చిన్న చెక్క పడవ కట్టి ఉంది. బిళ్ళ మీద చెక్కిన కోడ్‌ను సైట్‌లో కొడితే దాని పేజీ తెరుచుకుంది. యజమాని జర్మనీలో ఉంటారు. తన పడవ వీలైనన్ని సముద్ర తీరాలు చూడాలనీ, చేరిన ప్రతి తీరంలో ఒక ఫోటో తీసి పేజీలో పెట్టాలనీ వారు లక్ష్యం రాసుకున్నారు. పడవను నాతో ఇంటికి తెచ్చుకున్నాను గానీ సైట్‌లో ఇంకా ఏమీ నమోదు చేయలేదు.

నా సందేహం ఏమిటంటే, ఆ పేజీ ప్రకారం పడవ ఇప్పటికీ వేరొక సభ్యుడి చేతిలోనే ఉంది. ఆయన దాన్ని చెన్నైలోని ఒక డబ్బా నుంచి తీసుకున్నట్టు నమోదై ఉంది గానీ, మైపాడు దారిలోని డబ్బాలో వదిలినట్టు ఎక్కడా లేదు. ఇప్పుడు నేను నేరుగా నా పేరు మీదకు తీసుకోవచ్చా, లేక ఆయన నమోదు చేసేదాకా ఆగాలా? నేను తీసేసుకుంటే చెన్నై నుంచి ఇక్కడిదాకా అది ప్రయాణం చేసిన దూరం లెక్కలోకి రాకుండా పోతుందా?

మరికొన్ని చిన్న ప్రశ్నలు కూడా ఉన్నాయి. ఒక ట్రాకబుల్ తీసుకుంటే దాని బదులు ఇంకొకటి పెట్టాలని మా బాబాయిగారి అబ్బాయి అంటున్నాడు, అది నిజమేనా? దీన్ని ఎన్నాళ్ళు నా దగ్గర ఉంచుకోవచ్చు? మన వైపు డబ్బాలు తక్కువ, దగ్గరలో ఉన్నవాటిలో చాలావరకు నేను చూసేశాను. చివరిగా, మా వాట్సాప్ బృందంలోని మిత్రులు బిళ్ళ ఫోటో పంపిస్తే తామూ చూసినట్టు లాగ్ చేసుకుంటామని అడుగుతున్నారు. పంపించడం మర్యాదేనా?

జవాబు: ఉప్పుగాలి, ఒంగోలు

పెన్నాతీరం గారికి నమస్కారం. సైట్‌లో ఏదీ నొక్కకముందే మీరు అడగడం చాలా మంచిదైంది. మీ మొదటి ప్రశ్నకు మాత్రమే నేను వివరంగా జవాబు రాస్తాను. ట్రాకబుల్స్ ప్రయాణ చరిత్ర ఎక్కువగా చిక్కుపడేది అక్కడే కాబట్టి, దాన్ని ఒకసారి స్పష్టంగా అర్థం చేసుకుంటే మిగిలిన మర్యాదలు దానంతట అవే బోధపడతాయి.

ముందుగా దూరం ఎలా లెక్కకు వస్తుందో చూడండి. పడవ ఏ డబ్బా నుంచి బయలుదేరింది, తరువాత ఏ డబ్బాలోకి చేరింది, మధ్యలో ఏ డబ్బాల దగ్గరకు వెళ్ళి వచ్చింది అనే నమోదులను సైట్ తేదీల వరుసలో పేర్చి, ఆ డబ్బాల అక్షాంశ రేఖాంశాల మధ్య నేరుగా ఉన్న దూరాన్ని కలుపుతూ పోతుంది. మనుషుల చేతులు మారడాన్ని అది దూరంగా లెక్కించదు. కాబట్టి మీరు ఇప్పుడు గ్రాబ్ అనే పద్ధతిలో ఆ సభ్యుడి చేతి నుంచి మీ చేతికి మార్చుకుంటే, ఆ క్షణంలో ఒక్క కిలోమీటరు కూడా పెరగదు, తరగదు. రేపు మీరు దాన్ని ఎక్కడ వదిలితే అక్కడికి చెన్నై డబ్బా నుంచి నేరుగా గీత పడుతుంది. అంటే మీరు భయపడినట్టు దూరమంతా పోదు, పటంలో మైపాడు దారి మజిలీ మాత్రం మాయమవుతుంది. ఈ పడవ విషయంలో ఆ మజిలీకి చాలా విలువ ఉంది. యజమాని కోరినది దూరం కాదు, తీరాలు.

అందువల్ల నా సలహా ఆగమనే. అయితే ఊరికే ఆగడం కాకుండా మొదట ఒక విషయం తేల్చుకోండి. డబ్బాలోని లాగ్‌బుక్‌లో ఆ సభ్యుడి పేరు, తేదీ ఉన్నాయేమో మీకు గుర్తుందా? సైట్‌లో ఆయన చెన్నైలో తీసుకున్న తేదీ పాతదే కావచ్చు గానీ, మైపాడు దారిలో వదిలిన తేదీ ఎప్పటిదో కాగితమే చెబుతుంది. కారులో పదహారో నంబరు జాతీయ రహదారి వెంట చెన్నై నుంచి విజయవాడ దాకా వెళ్ళేవారు, దారిలో నాలుగు డబ్బాలు చూసి, ఇంటికి చేరాక తీరికగా అన్నీ కలిపి నమోదు చేయడం మామూలే. సముద్రం పక్కన కొన్ని చోట్ల సిగ్నల్ కూడా సరిగా అందదు. కాగితం మీది తేదీ ఇటీవలిదైతే ఆయనకు కొన్ని రోజుల గడువు ఇవ్వడం న్యాయం. నెలల కిందటిదైతే ఆయన మరిచిపోయారనుకోవాలి.

రెండు సందర్భాల్లోనూ సైట్‌లోని సందేశాల పెట్టె ద్వారా ఆయనకు ఒక చిన్న సందేశం పంపండి. మీరు పడవను ఫలానా డబ్బాలో చూశారనీ, దాన్ని తీసుకున్నారనీ, ఆయన డ్రాప్ (డబ్బాలో వదిలినట్టు) నమోదు చేస్తే ఆ తరువాత మీరు రిట్రీవ్ (డబ్బా నుంచి తీసుకున్నట్టు) నమోదు చేస్తారనీ రాయండి. అందులో తప్పు పట్టే ధోరణి ఉండకూడదు. ఆయన డ్రాప్ చేసిన మరుక్షణం పడవ ఆ డబ్బా జాబితాలో కనిపిస్తుంది, అప్పుడు మీరు దాన్ని ఆ డబ్బా నుంచే తీసుకున్నట్టు నమోదు చేయవచ్చు. చరిత్ర ఉన్నది ఉన్నట్టు నిలుస్తుంది. మీరు ముందే గ్రాబ్ చేస్తే పడవ ఆయన ఇన్వెంటరీలోంచి వెళ్ళిపోతుంది, ఇక ఆయన వదిలినట్టు నమోదు చేద్దామనుకున్నా జాబితాలో అది కనిపించదు. చెన్నై నుంచి దాన్ని మోసుకొచ్చిన మనిషికి ఆ ప్రయాణాన్ని తన మాటల్లో రాసుకునే అవకాశం మనం తీసేసినట్టవుతుంది. నాకు దీని మీద పట్టింపు ఎక్కువ.

ఒక వారం చూసినా జవాబు రాకపోతే సంకోచించకుండా గ్రాబ్ చేయండి. పడవను ఎవరి పేరూ లేకుండా గాలిలో వేలాడదీయడం యజమానికి ఇంకా కష్టం. తరువాత మైపాడు దారి డబ్బా పేజీలో ఒక నోట్ రాస్తూ, ఆ నోట్‌తో పాటు పడవకు విజిటెడ్ (ఆ డబ్బా దగ్గరకు వెళ్ళి వచ్చినట్టు) నమోదు పెట్టండి. అప్పుడు ఆ మజిలీ పటంలోకి వస్తుంది. మీరు ఫౌండ్ లాగ్ (డబ్బా దొరికినట్టు నమోదు) ఇప్పటికే చేసి ఉంటారు కాబట్టి రెండోసారి ఫౌండ్ పెట్టకూడదు, నోట్ మాత్రమే రాయాలి. కొందరు ఇదే పనికి డ్రాప్ చేసి వెంటనే రిట్రీవ్ చేస్తారు. ఫలితం ఒకటే అయినా, ప్రతి నమోదుకూ యజమానికి ఒక మెయిల్ వెళుతుంది గనుక ఒక్క అడుగులో అయ్యే విజిటెడ్ నాకు మెరుగనిపిస్తుంది. తేదీ మాత్రం మీరు డబ్బా తెరిచిన ఆదివారమే పెట్టండి, నమోదు చేస్తున్న రోజు కాదు. తేదీల వరుస తప్పితే గీతలన్నీ అడ్డదిడ్డంగా పడతాయి.

ఇంకొక్క మాట. లాగ్ తెలుగులో రాయాలనిపిస్తే తప్పకుండా రాయండి, కింద రెండు ఇంగ్లీషు వాక్యాలు కలపండి. జర్మనీలో కూర్చుని ఆ పేజీ చూసుకునే మనిషికి తన పడవ ఎక్కడుందో, ఎలా ఉందో తెలియాలి. "టీఎఫ్‌టీసీ" (డబ్బాకు ధన్యవాదాలు అనే ఇంగ్లీషు మాటల పొట్టి రూపం) లాంటి నాలుగు అక్షరాలు కొట్టి వదిలేసే అలవాటు డబ్బాల లాగ్‌లలో ఎలా ఉన్నా, ట్రాకబుల్ లాగ్‌లో మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. వస్తువును పంపినవారికి తిరిగి దక్కేది ఆ మాటలే.

జవాబు: కొండదారి, మార్కాపురం

పై జవాబుతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మిగిలిన ప్రశ్నల్లో రెండింటికి నేను రాస్తాను.

బదులుగా ఇంకొకటి పెట్టనవసరం లేదు. మీ తమ్ముడికో అన్నకో ఆ అభిప్రాయం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. జీపీఎస్ సంకేతాల్లో అమెరికా ప్రభుత్వం కావాలని కలుపుతూ వచ్చిన లోపాన్ని 2000 మే నెల మొదట్లో తొలగించగానే, మే 3వ తేదీన ఒరెగాన్ రాష్ట్రంలో మొట్టమొదటి డబ్బాను దాచారు. అందులో ఏదైనా తీసుకుంటే ఏదైనా పెట్టి వెళ్ళమనే నియమం ఆ రోజు నుంచే ఉంది. అది బొమ్మలకు, కీ చైన్లకు, మార్పిడి కోసం పెట్టిన చిల్లర వస్తువులకు వర్తించే నియమం. ట్రావెల్ బగ్‌లు ఆ మరుసటి ఏడాది, 2001లో వచ్చాయి. అవి మార్పిడి సరుకు కాదు, ఒక యజమాని ఉన్న, ఒక లక్ష్యంతో తిరుగుతున్న వస్తువులు. ముందుకు తీసుకువెళ్ళగలిగితే తీసుకోవాలి, లేకపోతే అక్కడే ఉంచాలి. కొన్ని డబ్బాల యజమానులు "ఒకటి పెడితేనే ఒకటి తీయాలి" అని పేజీలో రాస్తూ ఉంటారు. ట్రాకబుల్ వాళ్ళది కాదు కాబట్టి దాని ప్రయాణానికి షరతు పెట్టే హక్కు వాళ్ళకు లేదు. అలాంటి షరతు కారణంగా మంచి ట్రాకబుల్స్ ఒకే చోట ఏళ్ళ తరబడి ఇరుక్కుపోతాయి.

ఇక ఎన్నాళ్ళు ఉంచుకోవచ్చనే ప్రశ్న. అందరూ చెప్పేది రెండు వారాలు. అంతకు మించితే యజమానికి తెలియజేయాలి. ఇది డబ్బాలు వీధికొకటి ఉండే దేశాల్లో చక్కగా కుదిరే లెక్క. మన జిల్లాల్లో దీన్ని అక్షరాలా పాటించబోతే ఏమవుతుందో ఆలోచించండి. గడువు దాటకూడదనే కంగారులో దగ్గరలోని ఏదో ఒక డబ్బాలో పడేస్తాం. ఆ డబ్బాను మళ్ళీ ఎవరు తెరుస్తారో తెలియదు, ఏడాది గడిచినా గడవవచ్చు. నియమం నిలబడింది గానీ పడవ ఆగిపోయింది. నా దృష్టిలో రెండు వారాల అసలు ఉద్దేశం యజమానిని చీకట్లో ఉంచకూడదని. కాబట్టి మొదటి వారంలోనే వారికి సందేశం పంపి, ఇక్కడ డబ్బాలు తక్కువని, ఫలానా నెలలో ఫలానా చోటికి వెళ్ళబోతున్నామని చెప్పి, వారి అభిప్రాయం అడగండి. చాలామంది యజమానులు సంతోషంగా ఒప్పుకుంటారు. ఒప్పుకున్న తరువాత మీరు ఇంకొన్ని వారాలు ఉంచుకున్నా అది అమర్యాద కాదు. చెప్పకుండా ఉంచుకుంటే మాత్రం పది రోజులైనా యజమానికి అది పోయినట్టే.

వదిలే డబ్బాను ఎంచుకోవడంలో ఈ ప్రాంతపు వాతావరణాన్ని తప్పకుండా లెక్కలోకి తీసుకోవాలి. కోస్తాలో, ముఖ్యంగా మీ నెల్లూరు వైపు, వర్షం ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపానులు కూడా ఆ రోజుల్లోనే వస్తాయి. మూత బిగువు తగ్గిన ప్లాస్టిక్ డబ్బాలో ఆ మూడు నెలలు గడిపిన చెక్క పడవ ఉబ్బిపోతుంది, గొలుసు తుప్పు పడుతుంది, యజమాని కట్టిన లక్ష్యం కాగితం ముద్దవుతుంది. వదిలే ముందు డబ్బా పేజీలో చివరి లాగ్‌లు చదవండి. ఇటీవల ఎవరైనా నిజంగా దొరికినట్టు రాశారా, దొరకలేదని వరుసగా రాశారా, నీళ్ళు చేరాయని ఎవరైనా ఫిర్యాదు చేశారా అనేది చూసి, అనుమానం ఉంటే వదలవద్దు. పడవను జిప్ ఉన్న పాలిథిన్ కవర్‌లో వేసి పెట్టండి. డబ్బా పరిమాణం కూడా చూడాలి. మైక్రో అంటే 100 మిల్లీలీటర్ల కంటే తక్కువ పట్టేది, అందులో మీ పడవ దూరదు. బలవంతంగా కుక్కితే మూత పూర్తిగా పడక లాగ్ కాగితం కూడా పాడవుతుంది. 100 మిల్లీలీటర్ల నుంచి లీటరు దాకా పట్టే స్మాల్ గానీ, అంతకంటే పెద్దదైన రెగ్యులర్ గానీ కావాలి.

ఆ పడవను కొన్నాళ్ళు నాకు ఇవ్వమని అడగాలని నాకూ ఉంది. కానీ మా కంభం చెరువు ఎంత పెద్దదైనా సముద్రం కాదు కాబట్టి అడగడం లేదు. లక్ష్యం తీరం అయినప్పుడు దాన్ని లోపలి కొండల వైపు తీసుకురావడం, దూరం పెరిగినా సరే, యజమాని కోరికకు ఎదురు నడవడమే.

జవాబు: పచ్చబెత్తం, కావలి

వాట్సాప్ ఫోటో సంగతికి ఎవరూ ఇంకా రాలేదు, దానికి నేను జవాబు ఇస్తాను. దయచేసి పంపించవద్దు.

ప్రతి ట్రాకబుల్‌కూ రెండు సంఖ్యలు ఉంటాయి. ఒకటి టీబీ అనే అక్షరాలతో మొదలయ్యే బహిరంగ సంఖ్య, పేజీలో అందరికీ కనిపిస్తుంది, దాన్ని ఎవరికైనా చెప్పవచ్చు. రెండోది బిళ్ళ మీద చెక్కిన ట్రాకింగ్ కోడ్. వస్తువును స్వయంగా చేతిలోకి తీసుకుని చూసినవారికే అది తెలియాలి, ఎందుకంటే ఆ కోడ్ తెలిసినవారు మాత్రమే గ్రాబ్, రిట్రీవ్, డిస్కవర్డ్ నమోదులు చేయగలరు. డిస్కవర్డ్ అంటే కళ్ళారా చూశాను, తీసుకోలేదు అని అర్థం. డబ్బాలో చూసి అక్కడే వదిలినా, ఒక సమావేశంలో మరొకరి చేతిలో చూసినా ఆ నమోదు సరైనదే. వాట్సాప్‌లో ఫోటో చూసిన మీ మిత్రులు పడవను చూడలేదు.

నేను ఒక జియోకాయిన్‌ను, అంటే నాణెం రూపంలోని ట్రాకబుల్‌ను, పంపినవాడిని. అది బెంగుళూరు వైపు ప్రయాణంలో ఉండగా, ఎవరో తీసిన ఫోటోలో దాని కోడ్ స్పష్టంగా కనబడింది. కొద్ది వారాల్లోనే, కాయిన్ ఎన్నడూ వెళ్ళని దేశాల నుంచి డిస్కవర్డ్ నమోదులు వరసగా పడ్డాయి. ఒక్కొక్కటీ ఒక మెయిల్‌గా వచ్చేది. తెరిచిన ప్రతిసారీ కాయిన్ ఎక్కడికో చేరిందనే ఆశ కలిగేది, చూస్తే ఉత్త "డిస్కవర్డ్" అనే మాట మాత్రం ఉండేది. అలాంటి నమోదులను తొలగించే అధికారం యజమానికి ఉంటుంది, నేను తొలగించాను కూడా. కానీ ఆ గుంపులో నిజంగా చూసినవారెవరో, జాబితాలు పంచుకుని నొక్కినవారెవరో ఖచ్చితంగా వేరు చేయలేకపోయాను. కాయిన్ చివరిగా ఎక్కడ కనిపించిందో తెలుసుకోవడానికి నాకున్న ఒకే ఆధారం ఆ నమోదులు, అవే నమ్మదగినవి కాకుండా పోయాయి.

కాబట్టి మీ మిత్రులు నిజంగా ఆసక్తి ఉన్నవారైతే, ఒక సాయంత్రం అందరినీ పెన్నా ఒడ్డున కలవమనండి. పడవను చేతికిచ్చి చూపించండి. అప్పుడు కోడ్ చూసుకుని లాగ్ చేసుకోవచ్చు, ఎక్కడ చూశారో, ఎవరితో చూశారో ఒక్క వాక్యం రాస్తే యజమానికీ ఆనందం. మీరు పేజీలో పెట్టే తీరం ఫోటోల్లో కూడా బిళ్ళను తిప్పి పెట్టండి, లేదా వేలితో కోడ్ మూయండి. ఫోటో పెట్టే ముందు పెద్దది చేసి చూసుకోవడం మంచిది, చిన్న ఫోటోలో కనిపించని అక్షరాలు పెద్దది చేస్తే కనిపిస్తాయి.

పెన్నాతీరం, నెల్లూరు

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఆ రోజు నేను లాగ్‌బుక్ చివరి పేజీ ఫోటో తీసి ఉంచాను, ఇప్పుడు చూస్తే ఆ చెన్నై సభ్యుడి పేరు నా పేరుకు సరిగ్గా పైన, కొద్ది రోజుల ముందు తేదీతో ఉంది. అంటే ఆయన ఇంకా ప్రయాణంలోనే ఉండి ఉండవచ్చు. ఉప్పుగాలి గారు చెప్పినట్టే సందేశం పంపాను, ఆగుతాను. మిత్రులకు ఫోటో పంపలేనని, కలిసినప్పుడు పడవనే చూపిస్తానని చెప్పాను.

ఇప్పుడు మరో రెండు సందేహాలు. మైపాడు తీరంలోనే, అలల దగ్గర పడవకు ఫోటో తీయాలని ఉంది గానీ అక్కడ ఇసుకలో డబ్బా ఏదీ లేదు. ఆ ఫోటోను ఎలా నమోదు చేయాలి? రెండోది, మా అక్కా బావగారూ వచ్చే నెల విశాఖపట్నం వెళ్తున్నారు. పడవకు అంతకంటే మంచి తీరం దొరకదు. కానీ వారికి జియోక్యాచింగ్ ఖాతా లేదు. వారి చేతికి ఇచ్చి పంపవచ్చా?

జవాబు: ఉప్పుగాలి, ఒంగోలు

ఫోటో విషయం తేలిక. డబ్బా లేని చోటుకు విజిటెడ్ పెట్టడానికి వీలుండదు, ఆ నమోదు ఎప్పుడూ ఒక డబ్బాకు ముడిపడి ఉంటుంది. కాబట్టి పడవ పేజీలోనే ఒక నోట్ రాసి, దానికి మైపాడు ఫోటో జత చేయండి. దూరం పెరగదు, అయినా యజమాని అడిగిన తీరం ఫోటో వారికి అందుతుంది. పడవ మీ పేరు మీదకు వచ్చాకే ఆ నోట్ పెట్టండి. ముందే పెడితే చరిత్రలో పడవ ఒకరి చేతిలో ఉండగా ఇంకొకరు ఫోటో తీసినట్టు కనిపించి యజమాని తికమక పడతారు.

అక్కా బావగార్ల సంగతి కొంచెం ఆలోచించవలసినది. ఖాతా లేనివారి చేతికి ఇవ్వవద్దని నేను కచ్చితంగా చెబుతాను. వారి నిజాయితీ మీద అనుమానంతో అనడం లేదు. దారిలో ఏదైనా జరిగితే, పడవ సైట్‌లో మీ చేతిలో ఉంటుంది, నిజానికి వారి సంచిలో ఉంటుంది, విశాఖలో ఏ డబ్బాలో పెట్టారో నమోదు చేసేవారు ఉండరు. ఇప్పుడు మీకు ఎదురైన చిక్కే మరొకరికి విశాఖలో ఎదురవుతుంది. మార్గం ఏమిటంటే, అక్కగారి పేరుతో ఉచిత ఖాతా ఒకటి తెరిపించండి. ట్రాకబుల్ నమోదులకు రుసుము కట్టిన సభ్యత్వం అవసరం లేదు. పడవను ఆమె చేతికి ఇచ్చిన రోజే ఆమె కోడ్ చూసి గ్రాబ్ చేయాలి. చేతి నుంచి చేతికి ఇచ్చుకోవడం పూర్తిగా ఆమోదయోగ్యమైన పద్ధతి, దాన్ని రాతలో చెబితే చాలు: "నెల్లూరులో మా తమ్ముడి నుంచి తీసుకున్నాను, విశాఖ వెళ్తున్నాను" అని. ఈలోగా యజమానికి మీరు సందేశం పంపి వారి అనుమతి తెచ్చుకోండి.

అక్కడ ఏ డబ్బాలో వదలాలో మీరే ముందుగా పటం చూసి రెండు మూడు ఎంచి పెట్టడం మంచిది. స్మాల్ లేదా అంతకంటే పెద్దది అయి ఉండాలి, ఇటీవల దొరికినట్టు లాగ్ ఉండాలి, తీరానికి దగ్గరగా ఉండాలి. జనం ఎప్పుడూ తిరిగే బీచ్ రోడ్డు పక్కన ఉన్నదానికంటే, నలుగురి కళ్ళూ పడని చోట ఉన్నది మేలు. డబ్బా తీస్తుండగా ఎవరైనా చూస్తే, మనం వెళ్ళగానే దాన్ని తెరిచి పడవను ఆటవస్తువు అనుకుని పట్టుకుపోతారు.

కొండదారి, మార్కాపురం

దానికి ఒక చిన్న చేర్పు. అక్కగారికి ఎంచిన డబ్బాల్లో ఏదీ దొరకకపోతే, దొరికిన మొదటి చోట పెట్టేయాలనే తొందర వద్దని ముందే చెప్పండి. విశాఖ తీరంలో ఫోటో తీసి నోట్ పెట్టి, పడవను వెనక్కి నెల్లూరు తెచ్చేయమనండి. దారిలో ఒంగోలులో ఆగే వీలుంటే కొత్తపట్నం తీరం కూడా కలుస్తుంది. వదలలేకపోవడం లోపమేమీ కాదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. ఎప్పుడైనా ఒక డబ్బా జాబితాలో ట్రాకబుల్ ఉన్నట్టు చూపించి లోపల అది లేకపోతే, మీ ఫౌండ్ లాగ్‌లో "జాబితాలో ఉన్న పడవ డబ్బాలో లేదు" అని ఒక వాక్యం రాయండి. ట్రాకబుల్ యజమాని గానీ డబ్బా యజమాని గానీ దాన్ని మిస్సింగ్‌గా మార్చగలరు. అలా మార్చినంత మాత్రాన దాని కథ ముగిసినట్టు కాదు. తరువాత ఎవరి చేతికైనా దొరికితే, కోడ్ చూసి గ్రాబ్ చేయగానే అది మళ్ళీ ప్రయాణంలోకి వస్తుంది. ట్రావెల్ బగ్ కొన్నప్పుడు ఒకే కోడ్ ఉన్న బిళ్ళలు రెండు ఇస్తారు, ఒకటి యజమాని దగ్గరే ఉంటుంది. అసలుది దొరకదని తేలితే కొందరు ఆ రెండో బిళ్ళకు కొత్త బొమ్మ కట్టి మళ్ళీ పంపుతారు. కాబట్టి లేదన్న సంగతి రాయడానికి మొహమాటపడవద్దు. వారు ఎదురుచూస్తూ కూర్చోవాలా, రెండోది పంపాలా అనేది తేల్చుకునేది ఆ ఒక్క వాక్యం చూసే.

పెన్నాతీరం, నెల్లూరు

చెన్నై సభ్యుడి నుంచి ఇప్పుడే జవాబు వచ్చింది. ఆయన ఇంకా రాజమండ్రిలో ఉన్నారట. శనివారం ఇంటికి చేరగానే దారిలోని డబ్బాలన్నీ వరుసగా నమోదు చేస్తానని, అప్పటిదాకా పడవను నా దగ్గరే ఉంచమని రాశారు. అక్కకు ఖాతా తెరిపించే పని రేపు పెట్టుకుంటాను. యజమానికి రాయవలసిన సందేశం ఇంగ్లీషులో సిద్ధం చేశాను, డ్రాప్, రిట్రీవ్ రెండూ పూర్తయ్యాక పంపుతాను.